గని యంత్రం నేర్చుకోవడానికి ఏ శిక్షణ సంస్థలో చేరాలి? గేటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి

డంపర్ అంటే గనిలో మట్టీ రాయీ మోసే పెద్ద లారీ. దాని ట్రయల్‌కి, అంటే ఉద్యోగానికి ముందు బండి నడిపి చూపించే పరీక్షకి వచ్చిన ఒక కుర్రాడి ఫైల్లో, యంత్రం నడపడం వచ్చని చెప్పే కార్డులు ఐదు చూశానొకసారి. డంపర్, ఎక్స్‌కవేటర్ (తవ్వేది), లోడర్ (ఎత్తి పోసేది), డోజర్ (మట్టి నెట్టేది), గ్రేడర్ (రోడ్డు చదును చేసేది). ఐదింటి మీదా ఒకే వారం తేదీలు. "బండి చుట్టూ ఒకసారి చూసుకుని ఎక్కు బాబూ" అన్నాను. అతను నేరుగా నిచ్చెన దగ్గరికి వెళ్లాడు. ఒక చేతిలో ఫైలు, రెండో చేత్తో రైలింగు పట్టుకుని ఎక్కేశాడు. బండి దొర్లకుండా వెనక టైరుకు అడ్డం పెట్టిన దిమ్మ (చాక్) అలాగే ఉంది. చక్రం నట్ల వైపు చూడలేదు, బండి కింద నూనె మరకల వైపు చూడలేదు. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోకుండానే తాళం తిప్పబోయాడు. ట్రయల్ అక్కడితో అయిపోయింది. ఇంజిన్ చప్పుడు కూడా వినలేదు మేం.

ఆ కుర్రాడు తెలివితక్కువవాడేం కాదు. అతనికి నేర్పినవాళ్లు అసలు పని నేర్పలేదు, అంతే. మీకు ఆ పరిస్థితి రాకూడదంటే సంస్థను ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి అనేదే ఇక్కడ రాస్తున్నాను. మీరు ఏ దేశంలో ఉన్నా వరస ఇదే. నియమాలు మాత్రం మారతాయి.

ముందు గని గేటు దగ్గరికి వెళ్లండి

చాలామంది మొదట సంస్థను వెతుక్కుని, కోర్సు చేసి, ఆ కాగితం పట్టుకుని ఉద్యోగం వెతుక్కుంటారు. దీన్ని తిరగేయండి. మీరు పని చేయాలనుకునే గనులు, వాటిలో తవ్వకం కాంట్రాక్టు తీసుకున్న కంపెనీలు ఏవో ముందు రాసుకోండి. వాళ్ల ఉద్యోగ ప్రకటనలు ఒక పదిదాకా పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఏ యంత్రం, ఎన్ని టన్నుల బండి, ఏ సర్టిఫికెట్, ఏ మెడికల్, ఏ డ్రైవింగ్ లైసెన్సు అడుగుతున్నారో గుర్తు పెట్టుకోండి. పదింటిలో ఏడెనిమిది చోట్ల ఏది కనబడితే అది మీకు అక్కర. ఒక్కచోటే కనబడేది ఇప్పటికి వద్దు.

తర్వాత ఫోన్ చేయండి, లేదా మనిషిని పట్టుకోండి. హెచ్ఆర్ వాళ్ల కంటే షిఫ్టు సూపర్‌వైజరు, గనిలోని ట్రైనింగ్ ఆఫీసరు చెప్పే మాటకు విలువెక్కువ. అడగాల్సింది ఒకే ప్రశ్న: "కిందటి ఏడాది మీరు తీసుకున్న కొత్తవాళ్లు ఎక్కడ నేర్చుకుని వచ్చారు?" "ఏ సంస్థ మంచిది?" అని అడిగితే మర్యాదకు ఏదో ఒక పేరు చెబుతారు. "ఎక్కడ నేర్చుకుని వచ్చారు" అంటే జరిగింది చెబుతారు.

ఈ వాకబులో ఒక్కోసారి ఇంకో సంగతి బయటపడుతుంది. కొన్ని కంపెనీలు కొత్తవాళ్లను హెల్పరుగానో, టైర్ షాపులోనో, వాటర్ ట్యాంకర్ మీదో చేర్చుకుని, జీతమిస్తూ డంపర్ నేర్పుతాయి. మీకు అందుబాటులో అలాంటి దారి ఉంటే బయటి సంస్థకు ఫీజు కట్టే ముందు అక్కడ ప్రయత్నించండి. గని లోపల నేర్చుకున్నవాడికీ, బయట ఖాళీ స్థలంలో నేర్చుకున్నవాడికీ మధ్య తేడా మొదటి వర్షాకాలంలోనే తెలిసిపోతుంది.

మూడు కాగితాలు, మూడు పనులు

మోసాలు ఎక్కువగా జరిగేది ఈ గందరగోళంలోనే కాబట్టి కాస్త నిదానంగా చదవండి. గనిలో యంత్రం నడపడానికి సాధారణంగా మూడు రకాల కాగితాలు కావాలి. మొదటిది భద్రతా శిక్షణ, అంటే గనిలోకి అడుగు పెట్టడానికి అర్హత. రెండోది ఫలానా యంత్రం నడపగలరని చెప్పే నైపుణ్య పత్రం. మూడోది ఆ గని యాజమాన్యమే, ఆ గనిలో, ఆ మోడల్ బండి మీద మిమ్మల్ని పరీక్షించి ఇచ్చే అనుమతి. మూడోదాన్ని బయటి సంస్థ ఏదీ ఇవ్వలేదు. "మా సర్టిఫికెట్ ఉంటే ఏ గనిలోనైనా నేరుగా సీట్లో కూర్చోవచ్చు" అని ఎవరైనా అన్నారంటే అక్కడే లేచి వచ్చేయండి.

అమెరికా ఉదాహరణ చూడండి. అక్కడి గనుల భద్రతా సంస్థ ఎంషా నియమాల ప్రకారం ఉపరితల గనిలో కొత్తగా చేరేవారికి 24 గంటలు, భూగర్భ గనిలో చేరేవారికి 40 గంటలు శిక్షణ, ఆపైన ఏటా 8 గంటల రిఫ్రెషర్ ఉండాలి. ఇది పూర్తిగా భద్రతకు సంబంధించింది. బండి నడపడానికి ఆ పని మీద మళ్లీ విడిగా శిక్షణ ఉంటుంది. ఆ 24 గంటల కాగితాన్నే "ఆపరేటర్ సర్టిఫికెట్" అని పిలిచి అమ్మితే కొనేవాడికి తేడా తెలియదు.

ఆస్ట్రేలియాలో ఇది ఇంకా విడమరిచి ఉంటుంది. అక్కడ ఒక్కో నైపుణ్యానికి ఒక్కో శిక్షణ యూనిట్ ఉంటుంది. గనులకు సంబంధించిన యూనిట్ల కోడ్‌లు ఆర్ఐఐ అనే అక్షరాలతో మొదలవుతాయి. మధ్యలో కీలు దగ్గర మడిచినట్టు తిరిగే ఆర్టిక్యులేటెడ్ డంపర్‌కు ఒక యూనిట్, మడత లేని ఒకే చట్రం ఉండే రిజిడ్ డంపర్‌కు వేరే యూనిట్. రెండూ "హాల్ ట్రక్కే" (సరుకు మోసే బండే) కదా అనుకుని మొదటిది చేసి, రెండోది అడిగే గనికి వెళ్లి తిరిగొచ్చిన వాళ్లున్నారు. కోర్సు పేరు చూసి ఊరుకోకండి, యూనిట్ కోడ్ చూడండి.

బ్రిటన్‌లో నిర్మాణ యంత్రాల ఆపరేటర్లకు ఇచ్చే సీపీసీఎస్ కార్డులు రెండు రంగుల్లో ఉంటాయి. శిక్షణ పూర్తయినవాడికి ఎర్ర కార్డు, రెండేళ్లకు. దాన్ని పునరుద్ధరించరు. ఆ లోపు పని చేసి, పని చోట నైపుణ్యం నిరూపించుకుంటే నీలం కార్డు. "నేర్చుకున్నవాడు" వేరు, "చేయగలవాడు" వేరు అని కార్డు రంగే చెప్పేస్తుంది. మీ దేశంలో రంగులు లేకపోయినా ఆ తేడా గని మేనేజరు మనసులో ఉంటుంది.

భారతదేశంలో గని కార్మికులకు శిక్షణ తప్పనిసరి చేస్తూ 1966లోనే వొకేషనల్ ట్రైనింగ్ నియమాలు వచ్చాయి. నైపుణ్య పత్రాల వైపు చూస్తే మైనింగ్ రంగానికి విడిగా స్కిల్ కౌన్సిల్ ఉంది. దక్షిణాఫ్రికాలో మైనింగ్ క్వాలిఫికేషన్స్ అథారిటీ ఉంది. అక్కడ పాత అర్హతలను దశలవారీగా ముగించి కొత్త వృత్తి అర్హతలు తెస్తున్నారు కాబట్టి, చేరబోయే కోర్సు పాత జాబితాలోదా కొత్తదా అని అడగడం మర్చిపోవద్దు. ముగిసిపోతున్న కోర్సుకు సీట్లు ఎప్పుడూ తేలిగ్గానే దొరుకుతాయి!

ఫీజు కట్టకముందే మెడికల్

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. చూపు, రంగులు గుర్తించడం, వినికిడి, ఊపిరితిత్తులు, బీపీ, షుగరు, మత్తు పదార్థాల పరీక్ష. ఎక్కువ గనుల్లో ఇవి ఉంటాయి. ఆపరేటర్ సీట్లకు బరువు పరిమితి కూడా ఉంటుంది. మీరు వెళ్లాలనుకునే గని ఏ పరీక్షలు చేయిస్తుందో కనుక్కుని, అవే ముందు సొంతంగా చేయించుకోండి. రంగులు గుర్తించలేని సమస్య కోర్సు అయిపోయాక బయటపడితే కట్టిన డబ్బు ఎవరూ వెనక్కివ్వరు. మెడికల్ గురించి ఒక్క మాటైనా అడగకుండా రసీదు పుస్తకం తీసే సంస్థకు మీరు ఉద్యోగంలో చేరతారా లేదా అన్నది పట్టదు.

రిజిస్టర్‌లో పేరు వెతకండి, తర్వాత యూనిట్ వెతకండి

గోడ మీద ఫ్రేము కట్టిన గుర్తింపు పత్రాన్ని నమ్మకండి. ప్రభుత్వ రిజిస్టర్‌లో మీరే చూడండి. ఆస్ట్రేలియా అయితే ట్రైనింగ్ డాట్ గవ్ డాట్ ఏయూ అనే జాతీయ రిజిస్టర్ అందరికీ తెరిచి ఉంటుంది. మిగతా దేశాల్లో నైపుణ్య మండలి, గనుల శాఖ, అర్హతల అథారిటీ లాంటివాటి దగ్గర జాబితా ఉంటుంది. చూడాల్సినవి మూడు.

సంస్థకు గుర్తింపు ఇప్పటికీ నడుస్తోందా? గడువు తేదీ ఎప్పటిదాకా?

మీరు చేరబోయే యూనిట్ ఆ సంస్థ పరిధిలో ఉందా? గుర్తింపు ఉన్న సంస్థ అయినంత మాత్రాన అన్నీ నేర్పే హక్కు ఉండదు. ఫోర్క్‌లిఫ్టుకు గుర్తింపు తెచ్చుకుని డంపర్‌కు ప్రకటన ఇచ్చేవాళ్లుంటారు.

ఫీజు తీసుకునేదీ, సర్టిఫికెట్ ఇచ్చేదీ ఒకే సంస్థేనా? చాలాచోట్ల ఒక ఏజెన్సీ విద్యార్థుల్ని చేరుస్తుంది, ఇంకెవరో యంత్రం అద్దెకిస్తారు, మూడోవారు సంతకం పెడతారు. ఇది నేరమేమీ కాదు. కానీ ఏదైనా తేడా వస్తే ముగ్గురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు. సంతకం పెట్టే సంస్థ పేరు మీ రసీదు మీద ఉండాలని పట్టుబట్టండి.

ఇంత చాదస్తం దేనికని అనిపించొచ్చు. ఆస్ట్రేలియా శిక్షణ నియంత్రణ సంస్థ ఆస్క్వా 2024 చివరి నుంచి మూతపడిన కొన్ని సంస్థలు ఇచ్చిన సర్టిఫికెట్లను వేల సంఖ్యలో రద్దు చేసింది. సరైన శిక్షణ, పరీక్ష లేకుండానే ఇచ్చారన్నది కారణం. వాటిలో ఎక్కువ వేరే రంగాలవే, గనులవి కావు. కానీ పద్ధతి ఒకటే. సంస్థ చేసిన తప్పుకు కాగితం పోగొట్టుకున్నది అందులో చదివినవాళ్లు.

సీటు గంటల లెక్క

ఇప్పుడు అసలు విషయం. "ఐదు రోజుల కోర్సు" అంటే మీరు ఐదు రోజులు బండి నడుపుతారని కాదు. కాగితం మీద లెక్క వేయండి. ఐదు రోజులు, రోజుకు ఆరు గంటలు. మొత్తం ముప్పై గంటలు. బ్యాచిలో ఎనిమిది మంది, యంత్రం ఒకటే. తలా 3 గంటల 45 నిమిషాలు. అందులోంచి మొదటి రోజు క్లాసు తీసేయండి, డీజిల్ పట్టే సమయం, టీ విరామాలు, బండి ఆగిపోయిన పూట తీసేయండి. మిగిలేది రెండు గంటలో, రెండున్నరో. రెండు గంటల్లో సైకిల్ కూడా రాదు.

అందుకని ఫోన్లో మొదటి ప్రశ్న ఇలా అడగండి: "ఒక్కో యంత్రానికి ఎంతమంది? నేను ఒక్కడినే సీట్లో కూర్చుని లివర్లు పట్టుకునే గంటలు ఎన్ని?" సమాధానం అంకెలో రావాలి. "మీకు వచ్చేదాకా నేర్పుతాం" అనేది సమాధానం కాదు. అంకె చెప్పినవాళ్లను అదే రాసి పంపమనండి. రాసి పంపడానికి వెనకాడితే సంగతి అర్థమైనట్టే.

ఏ యంత్రమో కూడా అడగండి. గనిలో మీరు చూసే బండ్లు రకరకాలు. క్యాటర్‌పిల్లర్ 777 తరగతి బండి సుమారు 90 టన్నులు మోస్తుంది, 793 మోసేది దాదాపు 227 టన్నులు, 797ఎఫ్ దాదాపు 363. సంస్థ దగ్గర ఉన్నది నలభై టన్నుల ఆర్టిక్యులేటెడ్ బండి అయితే అది పనికిరాదని కాదు. దాని మీద నేర్చుకున్నవాడు పెద్ద బండికి ఎదగగలడు. కానీ అది నడిపి "పెద్ద డంపర్ నడిపాను" అని చెప్పుకుంటే ట్రయల్లో దొరికిపోతాడు. పెద్ద బండి కేబిన్ నేల నుంచి రెండంతస్తుల మేడ ఎత్తులో ఉంటుంది. కుడి పక్కన ఒక జీపు నిలబడితే మీకు కనబడదు. ఆ కనబడని చోటు ఎంత ఉంటుందో ఒక్కసారైనా కేబిన్‌లో కూర్చుని, కింద మనుషుల్ని కోన్లు పట్టుకుని నడిపిస్తూ చూపించే సంస్థ దొరికితే వదలకండి.

ఉదయం ఏడింటికి, చెప్పకుండా వెళ్లండి

సంస్థ ఆఫీసు చూస్తే ఏమీ తెలియదు. యార్డు చూడాలి, అదీ పొద్దున్నే, బండ్లు స్టార్ట్ చేసే సమయానికి. "చేరదామనుకుంటున్నాను, దూరం నుంచి చూసి వెళ్తాను" అనండి. రానివ్వకపోతే అదీ ఒక జవాబే. రానిస్తే హెల్మెట్, మెరిసే జాకెట్ ఇచ్చి, ఎక్కడ నిలబడాలో చెప్పారా లేదా అన్నది గమనించండి. మాట్లాడకుండా లోపలికి వదిలేశారంటే వాళ్ల క్రమశిక్షణ అంతే.

నిలబడి ఏం చూడాలి? విద్యార్థులు బండి చుట్టూ తిరుగుతున్నారా, లేక ఇన్‌స్ట్రక్టర్ ముందే స్టార్ట్ చేసి పెట్టాడా? చుట్టూ తిరిగేటప్పుడు చేతిలో చెక్‌లిస్టు ఉందా? దాన్ని బండి దగ్గరే నింపుతున్నారా, లేక సాయంత్రం కూర్చుని అందరూ ఒకేసారి టిక్కులు కొడుతున్నారా? టైర్ల కోతలు, చక్రం నట్లు, హోసుల దగ్గర కారుతున్న నూనె, స్టీరింగు కింద పిన్నులు, అగ్నిమాపక సిలిండరు మీద తనిఖీ తేదీ, అద్దాలు, హారను, రివర్స్ అలారం. ఇవన్నీ మీరూ దూరం నుంచి చూడగలరు. రివర్స్ అలారం మోగని బండి మీద నేర్పుతున్నారంటే ఇక కోర్సు గురించి అడగాల్సిందేం లేదు.

ఎక్కడం చూడండి. నిచ్చెన వైపు మొహం పెట్టి, మూడు చోట్ల పట్టు వదలకుండా, చేతులు ఖాళీగా పెట్టుకుని ఎక్కాలి. దిగేటప్పుడూ అంతే. మొదటి మెట్టు నుంచి దూకేసే ఇన్‌స్ట్రక్టర్‌ను చూస్తే, అతని దగ్గర నేర్చుకునే ఇరవై మందీ దూకుతారని లెక్క. ఇది చిన్న విషయమనుకోకండి. మడమ విరిగి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్న ఆపరేటర్లను అడగండి.

స్థలం చూడండి. చదునైన మైదానంలో డంపర్‌ను ముందుకూ వెనక్కూ నడపడం నేర్చుకున్నవాడికి గనిలో ఏమీ తెలియదు. గని రోడ్లలో ఎక్కుడు దిగుడు ర్యాంపులు సాధారణంగా 8 నుంచి 10 శాతం వాలులో ఉంటాయి. అంటే ప్రతి పది మీటర్లకూ దాదాపు ఒక మీటరు ఎత్తు మారుతుంది. అలాంటి వాలు ఉందా? షావెలో ఎక్స్‌కవేటరో నింపే చోటు, దాని దగ్గరికి రివర్స్‌లో వెళ్లే స్థలం ఉందా? మట్టి పోసే అంచూ, దానికి గట్టూ ఉన్నాయా? రోడ్డు అంచున కట్టే ఆ మట్టి గట్టును బర్మ్ అంటారు. అమెరికా నియమాల్లో అది, ఆ రోడ్డు మీద తిరిగే అతి పెద్ద బండి చక్రం ఇరుసు మధ్య ఎత్తు దాకా ఉండాలి. శిక్షణ యార్డులో గట్టు మోకాలి ఎత్తు ఉంటే, విద్యార్థి కంటికి అదే సరైన ఎత్తు అని అలవాటవుతుంది. అలవాటు చెడితే దిద్దడం, కొత్తగా నేర్పడం కంటే కష్టం.

ఒక మాట. యార్డులో బండ్లు పాతవైతే కంగారు పడొద్దు. పాత బండికి గ్రీజు బాగా పెట్టి, లాగ్‌బుక్ సరిగ్గా రాసి నడిపే సంస్థ, కొత్త బండిని ఫోటోల కోసం పెట్టుకున్న సంస్థ కంటే నయం.

నేర్పేవాణ్ణి ఈ ఒక్క ప్రశ్న అడగండి

ఇన్‌స్ట్రక్టర్ ఎన్నేళ్లు గనిలో పని చేశాడు, చివరిసారి గనిలో ఎప్పుడున్నాడు, పరీక్షకుడిగా అతనికి అర్హత పత్రం ఉందా? ఇవి అడగాలి, సరే. కానీ నేనైతే ఇంకో ప్రశ్న అడుగుతాను: "లోడుతో ర్యాంపు దిగేటప్పుడు బ్రేకు ఎప్పుడు తొక్కాలి సార్?"

పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు వెంటనే ముందుకు వంగుతాడు. వాలు మొదలవకముందే గేరు ఎంచుకోవాలంటాడు. వేగాన్ని రిటార్డర్‌తో, అంటే దిగుడులో బండిని నెమ్మదిగా ఉంచే విడి ఏర్పాటుతో పట్టాలంటాడు. కాలితో తొక్కే మామూలు సర్వీస్ బ్రేకు దాచి పెట్టుకునే వస్తువు, దాన్నే దారంతా నొక్కుతూ దిగితే వేడెక్కి పట్టు పోతుందంటాడు. మీ బండి మెకానికల్ డ్రైవా (గేర్లతో నడిచేదా), ఎలక్ట్రిక్ డ్రైవా (చక్రాలను విద్యుత్ మోటార్లు తిప్పేదా) అని తిరిగి అడుగుతాడు, ఎందుకంటే రెండింటిలో రిటార్డర్ పనిచేసే తీరు వేరు. బండి అదుపు తప్పితే ఎటు మళ్లించాలో కూడా చెబుతాడు. పని తెలియనివాడు "మెల్లగా తొక్కితే సరిపోతుంది" అంటాడు. నేను విన్నాను ఆ మాట, నీలం చొక్కా మీద "సీనియర్ ట్రైనర్" అని కుట్టుకున్న మనిషి నోట.

మట్టి పోసే చోటు గురించీ అలాగే అడగొచ్చు. అంచు దగ్గర నేల మీద పగుళ్లు చూసుకోవడం, తన వైపు అద్దంలోంచి అంచు కనబడేలా బండి తిప్పడం, గట్టుకు నిటారుగా వెనక్కి రావడం, టైరును గట్టుకు ఆనించి ఆపకపోవడం, బాడీ పైకెత్తి ఉండగా కదలకపోవడం. ఈ మాటలు వాడి నోటి నుంచి రావాలి. గట్టు హద్దు చెప్పేందుకే. బండిని ఆపే పని బ్రేకుది. ఈ ఒక్క వాక్యం సరిగ్గా నేర్పినా సగం ఫీజు గిట్టినట్టే.

రెండో బండి దగ్గరికి వెళ్లే ముందు రేడియోలో పిలిచి, అవతలి ఆపరేటర్ జవాబిచ్చేదాకా ఆగడం నేర్పుతారా? రిపేరు కోసం బండి ఆపినప్పుడు ఇంకెవరూ స్టార్ట్ చేయకుండా తాళం, ట్యాగ్ వేయడం మీ చేత చేయిస్తారా, లేక బోర్డు మీద బొమ్మ గీసి వదిలేస్తారా? వీలైతే కిందటి బ్యాచిలో చదివినవాణ్ణి పట్టుకుని ఇవే అడగండి. సంస్థ ఇచ్చిన ఫోన్ నంబరు కాదు, మీరు సొంతంగా వెతుక్కున్న మనిషిని.

సిమ్యులేటర్ మంచిదే, కానీ

గది లోపల కేబిన్, ముందు తెరలు, కుదిపే సీటు. పెర్త్‌లో పుట్టిన ఇమ్మర్సివ్ టెక్నాలజీస్, దక్షిణాఫ్రికాకు చెందిన థరోటెక్ లాంటి కంపెనీలు గనుల కోసమే వీటిని తయారు చేస్తాయి. నిజం బండి మీద చేయించలేనివి వీటి మీద చేయించొచ్చు: దిగుడులో బ్రేకు పోవడం, ఇంజిన్‌లో మంటలు, టైరు పేలడం, దట్టమైన పొగమంచు. అందుకు దీన్ని మించింది లేదు.

కానీ తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారుతున్నప్పుడు నడుముకు తెలిసే ఆ చిన్న కదలిక తెర మీద రాదు. పన్నెండు గంటల రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున మూడింటికి వచ్చే నిద్ర కూడా రాదు. సిమ్యులేటర్ గంటలనూ సీటు గంటలనూ కలిపి ఒకే అంకెగా చెప్పే సంస్థల దగ్గర రెండూ విడదీసి రాయించుకోండి. మొత్తం కోర్సు సిమ్యులేటర్ మీదే అయితే, దాన్ని చేరబోయే గని ఒప్పుకుంటుందో లేదో ఫోన్ చేసి తెలుసుకున్నాకే చేరండి.

ఎన్ని యంత్రాలు?

ఒకటి. మహా అయితే రెండు. ఐదు కార్డులున్న కొత్తవాణ్ణి చూస్తే సూపర్‌వైజరుకు ముచ్చట వేయదు, అనుమానం వస్తుంది. మామూలుగా కొత్తవాళ్లకు మొదట దొరికేది డంపర్, లేదా వాటర్ ట్యాంకర్. డోజర్ తర్వాత. గ్రేడర్ చివర. గని రోడ్డును గ్రేడర్‌తో నున్నగా చేయగలవాడంటే ఆ గనిలో అందరికీ గౌరవం, ఎందుకంటే అది రావడానికి ఏళ్లు పడుతుంది. దాన్ని రెండు రోజుల్లో నేర్పుతామనేవాళ్లను చూసి నవ్వుకోవడమే.

ఇంకో కోణం కూడా ఉంది. డ్రైవర్ లేని డంపర్లు కొత్త సంగతి కాదు. చిలీలోని గాబ్రియేలా మిస్ట్రల్ రాగి గనిలో కొమాట్సు బండ్లు 2008 నుంచే అలా నడుస్తున్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ఇనుప గనుల్లో ఇప్పుడు అవి మామూలైపోయాయి. అయితే ఆ గనుల్లోనూ డోజర్లు, గ్రేడర్లు, నీళ్ల ట్యాంకర్ల మీద చాలావరకు మనుషులే ఉంటారు. డంపర్‌తో మొదలుపెట్టండి, కానీ రెండో యంత్రం ఏదని ఆలోచించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. సంస్థ దగ్గర డోజరో గ్రేడరో ఉండి, తర్వాత వచ్చి నేర్చుకునే వీలుంటే అది వాళ్లకు అనుకూలంగా ఒక మార్కు.

డబ్బు, మాటలు

"నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అని రాసి ఉంటే, ప్లేస్‌మెంట్ అంటే ఏమిటో రాసి ఇవ్వమనండి. చాలాచోట్ల దానర్థం ఒక ఇంటర్వ్యూ లెటరే. ఏ గనులతో ఒప్పందం ఉందో పేర్లు అడిగి, ఆ గనికి మీరే ఫోన్ చేయండి. రెండు నిమిషాల పని. ఎందుకో ఎవరూ చేయరు.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. కొంత చేరేటప్పుడు, కొంత సీటు గంటలు సగమయ్యాక, మిగిలింది సర్టిఫికెట్ చేతికొచ్చాక. ఒప్పుకోకపోతే కనీసం బండి చెడిపోయి క్లాసులు ఆగితే ఏమవుతుందో, మీరు మధ్యలో మానేస్తే ఎంత వెనక్కొస్తుందో కాగితం మీద ఉండాలి. ఫెయిలైతే మళ్లీ పరీక్షకు ఎంతో కూడా. అసలు ఫెయిల్ చేస్తారా అని అడగండి. "మా దగ్గర ఇంతవరకూ ఎవరూ ఫెయిల్ కాలేదు" అని గర్వంగా చెప్పే సంస్థలో పరీక్ష జరగట్లేదని అర్థం.

ముందే అనుభవం ఉన్నవాళ్లకు ఆ అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. న్యాయమైన పద్ధతే. కానీ ఎప్పుడూ బండెక్కని మీకు అదే దారి చూపించి, "రెండు ఫోటోలు, ఒక వీడియో పంపండి, చూసుకుంటాం" అంటే అది పచ్చి మోసం. పట్టుబడితే మోసపోయానని మీరు చెప్పుకున్నా, సంతకం మీదే.

విదేశాల్లో ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఒక దేశం నైపుణ్య పత్రం ఇంకో దేశంలో దానంతటదే చెల్లదు. "ఈ సర్టిఫికెట్ అంతర్జాతీయం" అనే మాటకు, వెళ్లబోయే దేశంలో దాన్ని గుర్తించే అధికార సంస్థ పేరు చెప్పమనండి. ఆ సంస్థకు మీరే రాయండి. శిక్షణ, వీసా, ఉద్యోగం మూడూ ఒకే చేతి మీదుగా, ఒకే రసీదు మీద అమ్మేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుని నీళ్లు తాగి వచ్చేయండి.

చేరాక, చివరి రోజు దాకా

మొదటి రోజే సొంతంగా ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. సంస్థ లాగ్‌బుక్ ఇచ్చినా సరే. తేదీ, యంత్రం మోడల్, ఎక్కేటప్పుడు అవర్ మీటర్ (ఇంజిన్ నడిచిన గంటలు చూపేది) అంకె, దిగేటప్పుడు అంకె, చేసిన పని, రోడ్డు పొడిగా ఉందా తడిగా ఉందా, పక్కన ఎవరున్నారు, వాళ్ల సంతకం. అవర్ మీటర్ అబద్ధం చెప్పదు. ఎనిమిది మందికి కలిపి రోజంతా ఆ మీటరు నాలుగు గంటలే కదిలి, మీ లాగ్‌బుక్‌లో మీకొక్కరికే ఆరు గంటలు రాశారనుకోండి. ట్రయల్ రోజు ఎవరైనా కూర్చుని లెక్క చూస్తే ఆ ఆరు గంటలకే కాదు, మీరు చెప్పే మిగతా వాటికీ విలువ పోతుంది. మీకు రాసిన గంటలు తప్పనిపిస్తే అదే రోజు దిద్దించండి.

చివరి రోజు సర్టిఫికెట్ ఒక్కటే తీసుకుని బయటికి రాకండి. పరీక్ష రోజు పరీక్షకుడు నింపిన చెక్‌లిస్టు నకలు, లాగ్‌బుక్ నకలు, మీరు నడిపిన బండి మోడల్ పేరు సంస్థ లెటర్‌హెడ్ మీద, ఇన్‌స్ట్రక్టర్ ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. గని వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తి మీ గురించి రెండు మాటలు చెప్పడానికి ఆయన ఒప్పుకున్నాడా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. మీ దేశంలో సర్టిఫికెట్లను సరిచూసుకునే ప్రభుత్వ రిజిస్టర్ ఉంటే, నెల తర్వాత అందులోకి వెళ్లి మీది వెతకండి. రాకపోతే అదే రోజు సంస్థకు రాతపూర్వకంగా రాయండి, ఆ ఉత్తరం నకలు దాచుకోండి.

ఆ కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. తర్వాత ఏడాదికి మళ్లీ వచ్చాడు. ఈసారి ఫైల్లో ఒకటే కార్డు, దానితోపాటు డీజిల్ మరకలతో ఒక నోటు పుస్తకం. ఫైలు కింద పెట్టి, బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఎడమ వెనక టైరు దగ్గర ఆగి, ఒక నట్ పక్కన తుప్పు గీత చూపించి, "ఇది వదులైనట్టుంది సార్, ఫిట్టర్‌ని పిలవండి" అన్నాడు.

నిజంగానే వదులై ఉంది.